తెల్ల టేపు వేసిన చివరి అధ్యాయాలు

మా రూతత్త పెళ్ళిరోజు పొద్దున్నే, ఇంట్లో అందరూ లేచేలోపు, ఆవిడ కాసేపు ఇంట్లో లేదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, ఏ రోజు ఏం కూర వండారో కూడా రాసుకునే నా డైరీకి సైతం చెప్పలేదు. పెళ్ళికూతురు తనే బేకరీకి వెళ్ళి అందరికీ వేడి ఖుబ్బూస్ రొట్టెలు పట్టుకొచ్చిందని అమ్మ ఈనాటికీ చుట్టాలతో మురిపెంగా చెప్తుంది. "పెళ్ళిపూట కూడా మా కడుపులే చూసింది పిచ్చిది" అంటుంది. నేను పక్కనే ఉండి వింటాను. ఆ పొద్దున అత్త చేతిలో రొట్టెల సంచీతో పాటు ఇంకో సంచీ ఉండడం చూసింది నేనొక్కదాన్నే. అత్త పోయి ఒక వేసవి దాటింది. ఇంక దాచి ఎవరికి ఉపకారం అనిపించి రాస్తున్నాను.

అప్పుడు మేం దుబాయ్‌కి గంట ప్రయాణం దూరంలో ఉన్న బనియాస్‌లో ఉండేవాళ్ళం. ఒక పెద్ద విల్లాకి మధ్యలో గోడలు లేపి వాటాలుగా చేసి అద్దెకిచ్చారు. వెనకవైపు వాటా మాది. నాన్న ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపరు. అత్త నాన్నకి చెల్లెలు, ఆసుపత్రిలో నర్సు. పాలకొల్లు దగ్గర పల్లెలో పాస్టరుగారి పిల్లలు వాళ్ళిద్దరూ. ముందు ఈ దేశం వచ్చింది అత్తే. తాతయ్య పోయాక, ఊళ్ళో చిన్న కొట్టు పెట్టి నష్టపోయిన అన్నని వీసా చూసి ఇక్కడికి రప్పించింది కూడా ఆవిడే. ముప్పై అయిదు దాటినా పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదని బాధపడినట్టు కూడా నాకెప్పుడూ కనబడలేదు. నాదీ ఆవిడదీ ఒకటే గది. నైట్ డ్యూటీ నుంచి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా తిన్నగా బాత్రూములోకి పోయేది. యూనిఫారం డెట్టాల్ నీళ్ళ బకెట్లో పడేది. ఆ డెట్టాలు, అమ్మ వేసే తిరగమోత, ఇంటి యజమాని వాటాలోంచి గోడ దాటి వచ్చే బఖూర్ ధూపం పొగ, మూడూ కలిసి మా నడవాలో ఒకే వాసనగా ఉండేది. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ మూడిట్లో ఒకటి తగిలితే మిగతా రెంటికోసం వెతుక్కుంటాను. స్నానం చేశాక యాలక్కాయ దంచి వేసుకున్న టీ గ్లాసుతో మంచం మీద కూర్చునేది. ఆ మంచం మీద దుప్పటి మూలలు ఆసుపత్రిలో లాగా బిగించి మడిచేది. రాత్రి కాళ్ళు చాపుకోవాలంటే నేను దుప్పటితో కుస్తీ పట్టాల్సి వచ్చేది. "పేషెంటు కన్నా నయం, నువ్వు కనీసం గొణుక్కుంటావు" అని నవ్వేది.

ఆ మంచం కింద ఒక అట్టపెట్టె ఉండేది. రిటైరై వెళ్ళిపోతున్న ముసలి ఇంగ్లీషు మేట్రన్ ఒకావిడ, మోసుకెళ్ళలేక, అత్తకి ఇచ్చేసి వెళ్ళింది. విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్ళు రాసిన నవలలు అవన్నీ. అట్టలు ఊడిపోయి, మొదటి పేజీలు పోయి, ఏది ఎవరు రాశారో, దాని పేరేమిటో తెలియకుండా ఉండేవి. మాకు అది లోటుగా అనిపించలేదు. వాటికి మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకటి నాచు పిల్ల కథ. సముద్రపు ఒడ్డున రకరకాల నాచు ఏరి, ఎండబెట్టి, కాగితాల మీద అంటించి, వాటి గురించి రాసుకునే అమ్మాయి ఆమె. పెంచిన బాబాయి ప్రీస్టు. ఆడపిల్ల మోకాళ్ళు తడిపి రాళ్ళ మధ్య తిరగడమేమిటని ఆయన తిడితే, ఆదివారం ఉదయం చర్చి గంట మోగుతుంటే ఆమె తలెత్తుకుని సముద్రం వైపు నడిచి వెళ్ళిపోతుంది. ఇంకొకటి గడియారాల విధవ కథ. మొగుడు పోయాక గడియారాల దుకాణం తనే నడుపుతానని మరిదిని గుమ్మం బయట నిలబెట్టిన మనిషి ఆవిడ. నేను బళ్ళో ఎవరి ముందూ నోరు విప్పలేని పిల్లని. టీచరు హాజరు పిలిస్తే నా గొంతు నాకే వినబడేది కాదు. కానీ గది తలుపేసుకుని ఆ విధవ మరిదికి చెప్పిన సమాధానాలు తెలుగులోకి మార్చి అద్దంతో చెప్పేదాన్ని.

"ఆడపేరుతో రాస్తే లెక్కచెయ్యరని కొంతమంది మగపేర్లు పెట్టుకుని రాశారటే" అని అత్త ఒకసారి చెప్పింది. "వాళ్ళలో కూడా పాస్టర్ల కూతుళ్ళున్నారు. ఇంట్లో బైబిలు చదువుతూ, నాన్నకి మేజోళ్ళు కుడుతూ, మధ్యలో ఇవి రాసుకున్నారు. మా నాన్నకి తెలిస్తే నా వీపు విమానం మోత మోగేది."

అన్ని పుస్తకాల్లోనూ చివరి అధ్యాయం మూసేసి ఉండేది. కట్టు కట్టినప్పుడు అతికించే తెల్ల టేపు ఉంటుంది కదా, దాన్ని ఆ పేజీల చుట్టూ అడ్డంగా నిలువుగా వేసి ఉంచింది అత్త. ఎందుకని అడిగాను.

"అది డిశ్చార్జి సమ్మరీ లాంటిదే. పేషెంటు ఎన్ని రాత్రులు అరిచిందో, సూది గుచ్చబోతే ఎవరి చెయ్యి కొరికిందో అందులో ఉండదు. పరిస్థితి నిలకడగా ఉంది, ఇంటికి పంపించాం అని ఉంటుంది. కింద డాక్టరు సంతకం. దానికోసం చదవాలా?"

"అంటే వాళ్ళకి పెళ్ళయిపోతుందా అత్తా?"

"అవుతుంది."

"ఎవరితో?"

"ఎవరో ఒకరితో. ఖలాస్. నువ్వు ముందు పేజీలు చదువు."

అలా నేను ఆ కథలన్నీ ముగింపు లేకుండానే చదివాను. నా లెక్కలో నాచు పిల్ల ఇంకా ఆ ఒడ్డునే తిరుగుతుండేది. విధవ దుకాణం ఇంకా తెరిచే ఉండేది. మనిషి ఎదురు తిరిగాక ఆ తర్వాతి రోజు ఒకటి ఉంటుందని, ఆ రోజు కూడా అన్నం వండుకోవాలని నాకు తోచేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం మా సంఘం పాస్టరుగారు సామ్యూల్ గారిని వెంటబెట్టుకుని వచ్చారు. భార్య పోయి చాలా కాలమైన మనిషి. పిల్లలు లేరు. లేబర్ క్యాంపులకి బస్సులు నడిపే వ్యాపారం, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో షెడ్డు, అజ్మాన్‌లో విల్లా. ఖర్జూరాల పెట్టె తెచ్చి గుమ్మం పక్కన మొహమాటంగా పెట్టారు. చెడ్డమనిషి అయి ఉంటే ఈ కథ నాకు రాయడం తేలికయ్యేది. ఆయన చాలా మెత్తగా మాట్లాడేవారు.

"రూతమ్మా, ప్రార్థన గల కుటుంబం" అన్నారు పాస్టరుగారు. "ఇంక ఈ నైట్ డ్యూటీలూ అవీ ఉండవు. హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు. వీరి అమ్మగారు మంచాన ఉన్నారు, ఇంట్లో ఒక మనిషి కావాలి."

అత్త టీ కప్పులు అందిస్తూ అడిగింది. "పక్షవాతం ఏ వైపండీ?"

"ఎడమవైపమ్మా" అన్నారు సామ్యూల్ గారు.

"మింగగలుగుతున్నారా?"

"మెత్తగా చేసి పెడితే మింగుతుంది."

"వీపు మీద పుళ్ళు?"

"ఒకటి పట్టిందమ్మా. మానడం లేదు."

ఆ పుండుకి ఏం రాయాలో, ఎలా తిప్పి పడుకోబెట్టాలో అత్త వివరంగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక కప్పులు తీస్తూ అమ్మతో అంది. "నర్సు కావాలంటే ఏజెన్సీకి ఫోన్ చేస్తారు గానీ, పాస్టరుగారికి చేస్తారా వదినా?"

అమ్మ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు.

"ఏం అన్నయ్యా, నీకు నవ్వు రాలేదా?"

"నీ ఇష్టం రూతూ. బలవంతమేం లేదు."

"లేదు కాబట్టే వద్దంటున్నా."

ఆ రాత్రి నా డైరీ నిండా ఆ ఒక్క మాటే రాసుకున్నాను. గడియారాల విధవ ఇంగ్లీషులో అన్నది నా ఇంట్లో, నా భాషలో, చేతిలో ఎంగిలి కప్పులతో నిలబడి ఒక మనిషి అనడం అదే మొదటిసారి విన్నాను.

తర్వాత కరోనా వచ్చింది. కట్టడాలు ఆగిపోయాయి. నాన్నని ముదీర్, అంటే మేనేజరు, పిలిచి, చాలా మంచిమాటలు చెప్పి, ఉద్యోగం లేదన్నాడు. వీసా రద్దయ్యాక గడువులోగా వీసా ఇచ్చే ఇంకో కఫీల్ దొరకాలి, లేదంటే ముగ్గురం ఊరికి పోవాలి. నేను పన్నెండో తరగతి మధ్యలో ఉన్నాను. అత్త జీతంతో తిండి గడిచిపోయేది, కానీ అన్న కుటుంబానికి చెల్లెలు వీసా ఇవ్వడం కుదిరేది కాదు. నాన్న రోజంతా ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్ళందరికీ చేసేవాడు. అందరిదీ అదే పరిస్థితి. ఒకరోజు పాస్టరుగారు ఫోన్ చేసి, సామ్యూల్ గారి షెడ్డులో స్పేర్ పార్టులు చూసుకోడానికి నమ్మకస్తుడు కావాలట, వీసా ఇస్తారట అన్నారు. దానికొక షరతు ఉందని ఆయన అనలేదు. సామ్యూల్ గారూ ఎప్పుడూ అనలేదు. నాన్న ఆ ఉద్యోగానికి వెళ్ళనన్నాడు. "చెల్లెలు కాదన్న గుమ్మంలోకి నేనెలా పోతాను?" అని అమ్మతో అంటుంటే మా గదిలోకి వినబడింది. అమ్మ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. ముందుగా ఊళ్ళో దొరికేవన్నీ పంచిపెట్టేసింది. పెద్ద కుక్కరు మాత్రం బట్టల్లో చుట్టి సూట్‌కేసులో పెడుతోంది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది అత్త. అలవాటు చొప్పున బాత్రూములోకి పోకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. మాస్కు వార్ల గుర్తులు ముఖం మీద ఎర్రగా దిగబడి ఉన్నాయి.

"ఆ కుక్కరు బయటికి తియ్యి వదినా."

అమ్మకి అర్థం కాలేదు. "ఏమ్మా, బరువెక్కువ అవుద్దంటావా?"

"తీసి పొయ్యి మీద పెట్టు. ఆదివారం పాస్టరుగార్ని భోజనానికి పిలుద్దాం. సామ్యూల్ గారిని కూడా."

అమ్మ కుక్కరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నాన్న లోపల గదిలోనే ఉన్నాడు. అన్నీ వినబడే ఉంటాయి. బయటికి మాత్రం రాలేదు. అత్త నా వైపు చూసి, "నీకు పరీక్షలెప్పుడే?" అని అడిగింది. చెప్పాను. "చదువుకో" అని స్నానానికి పోయింది. ఆ రోజు నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

పెళ్ళినాటి పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి పక్కన దుప్పటి మూలలు అప్పటికే మడిచి ఉన్నాయి. వంటింట్లో లేదు, బాత్రూములో లేదు. నేను వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి గేటు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో రొట్టెలు. ఇంకో చేతిలో రోజూ డ్యూటీకి తీసుకెళ్ళే గుడ్డ సంచీ. సంచీ మూతిలోంచి తెల్ల బూటు మడమ కనబడుతోంది. నన్ను చూసి ఆగింది. తర్వాత ఏమీ జరగనట్టు లోపలికి వచ్చి, సంచీలోంచి ఇస్త్రీ నలగని యూనిఫారం తీసి బీరువాలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. "వేడిగా ఉన్నాయి, తిను" అని ఒక రొట్టె నా చేతిలో పెట్టింది. అమ్మ లేచొచ్చి, "నువ్వెళ్ళావా, నన్ను లేపొచ్చుగా" అని మురిసిపోయింది.

ఆ రోజుల్లో పెళ్ళికి పదిమందికి మించి ఉండకూడదు. అందరి మూతులకీ గుడ్డలు. సమ్మతమేనా అని పాస్టరుగారు అడిగినప్పుడు అత్త ఏమందో మాస్కు వెనక నుంచి సరిగ్గా వినబడలేదు. ఆయన రెండోసారి అడగలేదు. నాన్నకి వీసా వచ్చింది. వారమంతా షెడ్డు దగ్గర గదిలో ఉండి సెలవురోజు బనియాస్ వచ్చేవాడు. చెల్లెలి ఊసెత్తేవాడు కాదు. అమ్మ ఫోన్‌లో అత్తతో మాట్లాడుతుంటే లేచి చెత్తబుట్ట తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు, అందులో ఏమీ లేకపోయినా.

పుస్తకాల పెట్టె అత్త నాకే వదిలేసింది. కొన్నాళ్ళకి టేపు ఊడదీశాను. కొన్నిచోట్ల జిగురు అక్షరాలను కూడా లాక్కొచ్చింది. నాచు పిల్ల, తన బాబాయి దగ్గర పనిచేసే కుర్ర ప్రీస్టుని పెళ్ళాడింది. ఆమె అంటించుకున్న కాగితాలు చర్చి వేలంలో అందంగా ఉన్నాయని ఎవరో కొన్నారు. విధవ మళ్ళీ పెళ్ళి చేసుకుంది, దుకాణం మరిదికే పోయింది. వందల పేజీలు మంటలా మండిన మనుషుల్ని పది పేజీల్లో చల్లార్చేసిన ఆ రచయిత్రుల మీద నాకు చాలా కోపం వచ్చింది. భయపడ్డారు అనుకున్నాను. దూరవిద్యలో బీఏ ఇంగ్లీషు చదువుతూ ఒక వ్యాసంలో అలాగే రాశాను కూడా.

ఆ తర్వాత చాలా కాలానికి ఒకసారి ఒక్కదాన్నే అత్తని చూడ్డానికి అజ్మాన్ వెళ్ళాను. మామ్మగారి, అంటే సామ్యూల్ గారి అమ్మగారి, మంచం మీద దుప్పటి మూలలు చూడగానే గుర్తుపట్టాను. వీపు మీద పుండు ఎప్పుడో మానిపోయింది. అత్త ఆవిడ తల దువ్వుతూ, ముద్దలు మింగిస్తూ, బీపీ చూసి గట్టిగా పైకి చెబుతూ ఉంటే, సామ్యూల్ మామయ్య "మా అమ్మకి ఆయుష్షు పోసింది మీ అత్తే" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అత్త బాగా చిక్కింది. మాట్లాడేటప్పుడు వాక్యం చివర "దేవుని కృప" అని తగిలించడం కొత్తగా నేర్చుకుంది. మామ్మగారు నిద్రపోయాక వంటింట్లో బెండకాయలు తరుగుతూ కూర్చున్నాం. అడిగేశాను.

"ఆ రోజు పొద్దున్న ఎక్కడికెళ్ళావత్తా?"

కత్తిపీట మీద తరుగుతున్న చెయ్యి ఆగలేదు. "స్టాఫ్ బస్ స్టాపుకి. మార్నింగ్ షిఫ్టు బస్సు వచ్చే టైము అది."

"డ్యూటీకా?"

"రాజీనామా అప్పటికే ఇచ్చేశాగా, ఇంకెక్కడి డ్యూటీ? అయినా యూనిఫారం సంచీలో పెట్టుకుని వెళ్ళి వరసలో నిలబడ్డా. బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు 'యల్లా సిస్టర్, పదండి' అన్నాడు. వెనకున్న నర్సు పిల్లలు నన్ను దాటుకుని ఎక్కేశారు. మీ నాన్న ముఖం గుర్తొచ్చింది. నువ్వు చదువు మానేసి పాలకొల్లులో కూర్చోవడం గుర్తొచ్చింది. బస్సు పోయింది." ఒక పుచ్చు బెండకాయ పక్కన పడేసింది. "ఊరికే చేతులూపుకుంటూ రాలేక రొట్టెలు కొన్నా."

నేను పుస్తకాల సంగతి ఎత్తాను. టేపు ఊడదీశానని, ఆ ముగింపులు నాకు నచ్చలేదని, రాసినవాళ్ళు పిరికివాళ్ళని చెప్పాను. అత్త తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

"నేనూ అలాగే అనుకునేదాన్ని" అంది. "ఇప్పుడు రాత్రిళ్ళు పడుకుని ఆలోచిస్తుంటా. చివర్లో పెళ్ళి పెట్టకపోతే ముందున్న పేజీలు ఎవడు అచ్చేస్తాడే? అవి నీదాకా రావాలని ఆ పది పేజీలు వదులుకున్నారేమో."

"మరి నువ్వు?"

"నాకు పుస్తకం ఎక్కడుంది?" అని నవ్వింది. లోపల మామ్మగారు పిలిచారు. లేచి వెళ్ళింది.

ఆ తర్వాత మూడు నెలలకి అత్త అదే వంటింట్లో కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. బీపీ ఎప్పటినుంచో ఎక్కువగా ఉండి ఉంటుందన్నారు. ఆ ఇంట్లో బీపీ మిషను రోజూ ఒక చేతికే చుట్టారు, అది ఆవిడ చెయ్యి కాదు. నాన్న శవపెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. విమానానికి పంపేటప్పుడు ఎవరో వచ్చి ఆ చెయ్యి తీయాల్సొచ్చింది.

ఇప్పుడు నేను బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల వీధిలో ఒక టోకు వ్యాపారి ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటాను. నా మంచం, దాని పక్కన అట్టపెట్టె. ఈ మధ్య అమ్మ ఫోన్‌లో ఒక సంబంధం చెప్పింది. నేను వద్దన్నాను. అమ్మ కాస్త విసుక్కుంది. నాన్న వెంటనే, "వద్దందిగా, వదిలెయ్" అన్నాడు. అంతే. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఎవరి సామానూ సర్దలేదు. ఒక మాట అనేసి, మర్నాడు మామూలుగా మెట్రో ఎక్కి ఆఫీసుకి పోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఫోన్ పెట్టేశాక సంతోషం రాలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అదే ఇంట్లో, ఇదే నాన్న ఎదుట, నాకన్నా ఎంతో గట్టిగా, నవ్వుతూ వద్దన్న మనిషి ఒకరుండేవారు. ఆవిడ మాట నిలవని ఇంట్లో నా మాట ఇంత సులువుగా ఎలా నిలిచిందో నాన్నకి తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. ఆ వ్యాసాన్ని మళ్ళీ రాద్దామని కూర్చుంటాను. పిరికివాళ్ళు అన్న మాట కొట్టేస్తాను. దాని బదులు ఏ మాట పెట్టాలో ఇంకా దొరకలేదు.

అజ్మాన్ నుంచి ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు అత్త గేటుదాకా వచ్చింది. టాక్సీ ఆగి ఉంది. తడి చేతులు నైటీకి తుడుచుకుని నా తల నిమిరింది. నేను కారు ఎక్కాక అద్దం దించమని సైగ చేసింది. వంగి, ఇంట్లో ఉన్న మామ్మగారికి వినబడకుండా, గొంతు తగ్గించి చెప్పింది. ఆ మాట సెలవురోజు నాన్న ఇంటికి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళిపోయాడు.

"మీ నాన్న అడగడే. అడక్కపోయినా చెప్పు, అత్త నవ్వుతూ పంపించిందని."